నేల చూసే మనిషి

కుర్చీ మెత్తగా ఉంది. వచ్చిన చిక్కల్లా అదే. పిచ్చుక బంతులు ఎగరేస్తున్నప్పుడు పిన్ని ఉండాల్సిన చోటు కుర్చీ కాదు, నేల. పిల్లకి ఎడమ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, జారిన బంతి మంచం కిందకి పోతుందా బీరువా వెనక్కి పోతుందా అని చూపు కిందనే అతికించుకుని ఉండటమే ఇన్నేళ్ళుగా ఆమెకి తెలిసిన కూర్చోవడం. ఇవాళ మెడలో కార్డు వేసుకున్న ఒకావిడ వచ్చి, "పిల్లల తాలూకు వాళ్ళు ముందు వరసలో కూర్చోండమ్మా, స్టేజీ మీదకి మాత్రం ఎవరూ రాకూడదు" అని మెట్ల పక్కనున్న చివరి కుర్చీ చూపించింది. పోన్లే, ఎడమ పక్కే దొరికింది, అనుకుంది పిన్ని. దేవుడు కుర్చీ విషయంలోనైనా కాస్త ఆలోచించాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక ఒడిలో పెట్టుకుంది, తీసి సంచి మీద పెట్టుకుంది, మళ్ళీ ఒడిలోకి తెచ్చుకుంది. ఇస్త్రీపెట్టె పట్టి పట్టి కాయలు కాచిన చేతులవి, పని లేకపోతే పరాయింటికొచ్చిన చంటిపిల్లల్లా ఓ చోట ఉండవు. హాలు పెద్దది, దాని పైకప్పు మరీ ఎత్తు. ఇరవై నిండని పిల్లలకి ఏటా జరిగే జగ్లింగ్ పోటీ ఇది. బంతులు, రింగులు, సీసాల్లాంటి పొడుగు క్లబ్బులు, ఎవరికి ఏది చేతనైతే అది గాల్లో తిప్పుతారు. ఎన్నిసార్లు పడేశారు, ఎంత అందంగా తిప్పారు అన్నదాన్ని బట్టి మార్కులు వేస్తారు. మొదటి ఇద్దరికీ ఆ విద్య నేర్పే బడిలో చోటు, బసా భోజనం అన్నీ వాళ్ళే చూసుకుంటారు. వచ్చే ఏటికి పిచ్చుకకి ఇరవై నిండిపోతాయి. అంటే ఇదే మొదలు, ఇదే ఆఖరు. అలాంటి రోజుకి ముందు పిన్ని ఏం చేసిందయ్యా అంటే, బంతులు ఉతికింది.

ఉతికింది. లోకంలో ఎవరైనా బంతులు ఉతుకుతారా? ఆసుపత్రి వెనకాల లాండ్రీలో పనిచేసే మనిషి ఉతుకుతుంది. దుప్పట్లు, దిండుగలీబులు, డాక్టర్ల కోట్లు ఉతికీ ఉతికీ ఆమెకి అదో రోగమైంది. సంతోషమొస్తే ఏదో ఒకటి ఉతుకుతుంది, బెంగొస్తే ఇంకొకటి ఉతుకుతుంది, లారీ తోలే మొగుడు చెప్పిన రోజుకి రాకపోతే కిటికీ తెరలు ఊడదీసి నానబెడుతుంది. మొన్న సాయంత్రం పిచ్చుక సంచిలోంచి బంతులు బయటికి దొర్లాయి. చూస్తే ఏముంది, తెల్లగుడ్డతో తను కుట్టిన బంతులు చెమటకీ నేల మట్టికీ బొగ్గుముద్దల్లా అయ్యాయి. ఇంతమంది ముందు, ఆ లైట్ల కింద, ఈ మురికితోనా? చూసినవాళ్ళు ఏమనుకుంటారు? సవతి తల్లి కదా, పట్టించుకోలేదు అనుకోరూ? ఎవరూ అనని ఆ మాట ఆమె లోపల ముల్లులా కదిలింది. కదిలితే ఇంకేముంది, సబ్బునీళ్ళు కలిపింది, రుద్దింది, పిండింది, లాండ్రీకి తీసుకుపోయి దుప్పట్లు ఆరబెట్టే వేడిగదిలో పెట్టి తెచ్చింది. తళతళలాడిపోయాయి. లోపల ఉన్నవి జొన్నగింజలన్న సంగతి, ఆ గింజలు చెంచాతో కొలిచి పోసి కుట్టిన మనిషికే గుర్తు రాలేదు! పైన గుడ్డ ఆరింది, లోపల గింజ నీళ్ళు తాగి ఉబ్బి కూర్చుంది. ఇవాళ పొద్దున పిచ్చుక ఒక బంతి చేతిలోకి తీసుకుంది, ఇంకోటి తీసుకుంది, రెండు చేతులూ తక్కెడలా ఆడించింది. "పిన్నీ, వీటికి తలంటు పోశావా?" అంది. అని ఒకటే నవ్వు, మంచం మీద కూలబడి కళ్ళు తుడుచుకుంటూ నవ్వు. తిట్టినా బాగుండేది. ఒక్క మాట విసురుగా అన్నా ఈ గుండె ఇంత బరువుండేది కాదు. విప్పి పొడిగింజలు పోసి కుట్టేస్తానే అంటే, "ఇప్పుడు విప్పితే ఐదూ ఐదు దారులు పడతాయి. షాపు బంతులు నా చేతికి పడవు. నాలుగు ఆరిపోయాయి పిన్నీ, ఇదొక్కటే బరువు. దీని సంగతి నేను చూసుకుంటా" అని ఆ బరువుదానికి నీలం దారం ముడి వేసుకుంది. ఆ నీలం దారం పొద్దుట్నించీ పిన్ని కళ్ళ ముందే వేలాడుతోంది.

స్టేజీ మీద ఎవరి పిల్లో రింగులు తిప్పుతోంది. చప్పట్లు కొడుతున్నారు, పిన్ని కూడా కొట్టింది, చూడకుండానే. పక్క కుర్చీలో ఒక ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. కూర్చున్న నిమిషానికే తనెవరో చెప్పేశాడు: కొడుకు క్లబ్బులు తిప్పుతాడట, వాడి వంతు అయిపోయిందట, రెండుసార్లు పడేశాడట. "నేను చెప్పలేదా చెల్లెమ్మా, ఆ మూడో లైటు పిల్లల కళ్ళల్లో కొడుతోంది. కాస్త కిందికి వంచమంటే వింటారా? మన మాట వినేవాడెవడు? ఒక్క నిచ్చెన ఇస్తే నేనే ఎక్కి తిప్పేసేవాణ్ణి." కొడుకు ఓడిపోయిన బాధంతా ఆ లైటు మీదకి తోసేశాడు పాపం. తోయనీ. పిన్నికి తోయడానికి లైటు కూడా లేదు. ఆయన ఊరుకునే రకం కాదు, ఎవరెన్ని పడేశారో, ఎవరు ఎన్నో చోట ఉన్నారో అంతా నోటిమీదే ఉంది. ఇందాక ఎవరిదో బంతి స్టేజీ దిగి జనంలోకి వచ్చిపడితే, వెనక వరసలో ఒక పెద్దమనిషి ఉత్సాహం ఆపుకోలేక విసిరాడు, అది పోయి ఆ పిల్లవాడి నుదుటికి తగిలింది. హాలంతా గొల్లుమంది. "రూల్ ప్రకారం తప్పేం లేదు. బంతి కిందకొస్తే ఎవరైనా తిరిగి ఇవ్వచ్చు. పడినందుకు మార్కు మాత్రం పోతుంది, అంతే" అన్నాడు ఎలక్ట్రీషియన్. పిన్ని తలూపింది. మా పిల్లది కింద దాకా ఎందుకొస్తుంది, గింజల బంతి పడినచోటే రెండు పొర్లు పొర్లి కూలబడుతుంది, అనుకుంది. అసలు పడకూడదు. పడితే అది నా సబ్బు నీళ్ళు చేసిన పని. దేవుడా, పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేసినట్టు వేశానే.

పిచ్చుక అనే పేరు వాళ్ళ నాన్న పెట్టింది. ఓ చోట నిలవదనీ, తిండి కూడా ముక్కుతో పొడిచినట్టు తింటుందనీ. ఆ నాన్నని పిన్ని మొదటిసారి చూసింది లాండ్రీ కిటికీ దగ్గర. చంకలో మడిచిన దుప్పటి పెట్టుకుని నిలబడ్డాడు. "ఇది ఆసుపత్రిదండీ, మా సామాన్లలో కలిసిపోయి ఇంటికొచ్చేసింది. ఉతికే తెచ్చాను" అన్నాడు. ఆసుపత్రి దుప్పటి తిరిగి తెచ్చి ఇచ్చినవాణ్ణి ఆమె అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. విప్పి చూస్తే ఉతకడం ఏమాత్రం రాలేదు, సబ్బు అంతా పోగుల్లోనే ఉంది. ఎవరు ఉన్నారు ఆసుపత్రిలో అని అడగబోయి, దుప్పటి మూల వార్డు నంబరు చూసి నోరు మూసుకుంది. ఆ వార్డు నుంచి ఇంటికి వెళ్ళేవాళ్ళు తక్కువ. ఆ దుప్పటిని మళ్ళీ ఉతికింది, ఇస్త్రీ చేసింది. అక్క కప్పుకున్న దుప్పటి అది. అక్క అంటే పిచ్చుకని కన్నతల్లి, పిన్ని ఆవిణ్ణి ఎన్నడూ చూడలేదు, కానీ అక్కా అనే అనుకుంటుంది, లోపల మాట్లాడుకునేటప్పుడు. నీ దుప్పట్లు నెలల తరబడి నా చేతుల మీదుగానే వెళ్ళాయి కదా అక్కా, అంటుంది. ఏ మడత సరిగ్గా పెట్టానో ఏది పెట్టలేదో, నాకు తెలిసుంటే ఇంకాస్త మెత్తగా చేసేదాన్ని. నువ్వు అక్కడ పడుకుని ఉన్నప్పుడే కదా, బయట వరండాలో పిల్లల్ని నవ్వించడానికొచ్చిన ఒకాయన నీ కూతురికి మూడు రబ్బరు బంతులిచ్చి ఎగరేయడం నేర్పాడు. లోపల నువ్వు మూలుగుతుంటే బయట దాని చేతులకి ఏదో ఒక పని కావాలి కదా. ఆ బంతులాయన ఎవరో, ఎక్కడున్నాడో, చల్లగా ఉండాలి. నువ్వూ చల్లగా ఉండాలి అక్కా, ఎక్కడున్నా. నీ ఇంట్లోకి వచ్చిన నన్ను పొమ్మనలేదు నువ్వు, గోడ మీది ఫొటోలోంచి ఒక్కసారైనా కోపంగా చూడలేదు.

కానీ పిల్ల చూసింది. పెళ్ళయి వచ్చిన కొత్తల్లో పిచ్చుక ఆమెతో మాట్లాడలేదు. అన్నం పెడితే తినేది, జడ వేస్తే వేయించుకునేది, నోరు మాత్రం విప్పేది కాదు. మొగుడు లారీ ఎక్కి పోయాక రెండు గదుల ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరికొకరు గోడలు. కొత్తకోడలికి అత్త ఉంటుందంటారు, ఈవిడకి పదేళ్ళ అత్త దొరికింది! వంటగదిలో గిన్నెలు తోముతూ వింటూ ఉండేది: గదిలో టప్, టప్, టప్, మధ్యలో ఠంగుమని ఒకటి, తర్వాత కాళ్ళ చప్పుడు, మళ్ళీ టప్, టప్. ఒకరోజు ఆ ఠంగుమన్న బంతి గది దాటి వంటగదిలోకి వచ్చి ఆమె కాలికి తగిలి ఆగింది. పిల్ల గుమ్మంలో నిలబడింది. వచ్చి తీసుకోదు, ఇవ్వమని అడగదు. పిన్ని వంగి, తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని, బంతి తీసి చాచింది. పిల్ల ఇంకా అక్కడే. అప్పుడు పిన్ని నేల మీద మెల్లగా దొర్లించింది. అది పోయి పిల్ల పాదం దగ్గర కాకుండా ఓ జానెడు పక్కకి పోయింది. "ఇటు," అంది పిచ్చుక. అంతే, ఇటు. ఆ ఇంట్లో పిల్ల తనతో అన్న మొదటి మాట. మర్నాడు వంటింటి పని ముందుగా ముగించుకుని వచ్చి గదిలో ఓ మూల నేల మీద కూర్చుంది, పడితే ఇద్దామని. పడింది. ఇచ్చింది. మళ్ళీ పడింది. మళ్ళీ ఇచ్చింది. లోకంలో అందరు తల్లులూ పిల్లల చేతుల్లోంచి ఏదీ జారకూడదని కోరుకుంటారు. పిన్ని మాత్రం లోలోపల, ఇంకొక్కటి పడనీ, ఇంకొక్కసారి ఇటు చూడనీ, అని కోరుకుంది. పడిన ప్రతి బంతికీ ఆమె రుణపడి ఉంది. పడకపోతే ఆ పిల్ల తనకి దొరికేది కాదు.

మూడు రబ్బరు బంతులు నాలుగయ్యాయి, గుడ్డ బంతులయ్యాయి, ఐదయ్యాయి. కింది ఇంటి టీచరమ్మ చీపురు కర్రతో పైకప్పు మీద పొడిచేది, "పైన ఏనుగుల్ని కట్టేశారా?" అని కేకలేసేది. పిచ్చుకకి జ్వరమొచ్చి ఇల్లు నిశ్శబ్దమైతే మాత్రం ఆవిడే మెట్లెక్కి వచ్చి, "ఏంటి, చప్పుడు లేదు? పిల్ల బాగానే ఉందా?" అని గుమ్మంలో నిలబడింది, చేతిలో పాలగిన్నెతో. ఆవిడా చల్లగా ఉండాలి. పైకప్పు తక్కువ ఎత్తు కదా, ఐదు బంతులకి చాలక లాండ్రీలో మడతల గదికి మారారు, పని వేళ దాటాక. చుట్టూ గుట్టలు గుట్టలుగా దుప్పట్లు, పడినా చప్పుడు కాదు. అక్కడే పిన్ని అందించడం నేర్చుకుంది. ఐదింట్లో ఒకటి జారితే పిచ్చుక ఆగేది కాదు, మిగిలిన నాలుగూ తిప్పుతూ జారినదాని వంతుకి ఖాళీ ఉంచేది. ఆ ఖాళీలోకి పిన్ని పక్కనుంచి వెయ్యాలి. ముందు వేస్తే రెండు బంతులు గుద్దుకుంటాయి, ఆలస్యమైతే చెయ్యి మూసుకుపోతుంది. పెద్ద దుప్పటి ఇద్దరు మడిచేటప్పుడు ఇలాగే ఉంటుంది, అవతలి మనిషి ముఖం చూడరు, చేతులు చూస్తారు, అవతలి మూల లేచినప్పుడే ఇవతలి మూల లేవాలి. పిన్ని పిల్ల ఎడమ మోచెయ్యి చూసేది. మోచెయ్యి కొంచెం బయటికి తెరుచుకుంటే, ఇవ్వు అని అర్థం. నేల, మోచెయ్యి, నేల, మోచెయ్యి. ఎగరేసేవాళ్ళు పైకి చూడాలట, చేతుల వంక చూడకూడదట. కాబట్టి ఇల్లాలూ కూతురూ ఇంటిని పంచుకున్నారు, దానికి పైకప్పు, ఈవిడకి నేల. అంతా అయ్యాక పిచ్చుక చెమట తుడుచుకుంటూ అడిగేది, "ఎలా వచ్చింది పిన్నీ?" అని. "బ్రహ్మాండం!" అనేది పిన్ని. ఏనాడూ ఇంకో మాట అనలేదు. ఎలా అంటుంది? ఆమె చూస్తే కదా. ఇన్నేళ్ళలో ఒక్కనాడైనా ఆ బంతులు గాల్లో ఉండగా ఆమె తలెత్తలేదు. పడినవే చూసింది. పడ్డాక పిల్ల ముఖం చూసింది, పెదవి కొరుకుతూ, కనుబొమలు ముడేసుకుని ఉండే ముఖం. ఎగరేసేటప్పుడు కూడా అలాగే ఉంటుంది కాబోలు, ఎంత కష్టమో బిడ్డకి, అనుకునేది.

ఫోను సంచిలో గుర్రుమంది. మొగుడు. లారీ ఎక్కడో దారి పక్కన ఆపినట్టున్నాడు, వెనకాల హారన్లు. "ఏమోయ్, మన పిచ్చుక ఎగిరిందా?" అన్నాడు. ఇంకా లేదు, ఆఖరి వంతు దానిదే, అని గుసగుసగా చెప్పింది. "నువ్వున్నావుగా, ఇంక దానికేం భయం" అన్నాడు. నేనున్నాననే కదా భయమంతా, అందామనుకుంది, బంతుల సంగతి చెప్పేద్దామనుకుంది, ఈలోగా హాల్లో లైట్లు తగ్గాయి. ఉంటాను, అంది. మంచివాడు. దుప్పటి తిరిగి తెచ్చిచ్చినవాడు. ఆ రోజు కిటికీ దగ్గర వేరే మనిషి పనిలో ఉండి ఉంటే? తనకి పళ్ళనొప్పి వచ్చి సెలవు పెట్టి ఉంటే? ఎన్ని చిన్న చిన్నవి కలిస్తే ఒక మనిషికి ఇల్లు దొరుకుతుంది! ఎలక్ట్రీషియన్ మోచేత్తో పొడిచినంత పనిచేసి, "చెల్లెమ్మా, మీ అమ్మాయే" అన్నాడు. స్టేజీ మీదకి రెండు పాదాలు వచ్చాయి. పిన్నికి కనిపించింది పాదాలే. నల్లటి నేల, అద్దంలా తుడిచారు, ఎవరు తుడిచారో గానీ పనిమంతులు, ఒక్క మరక లేదు. ఆ నేల మీద లైటు వెలుగు, వెలుగులో బంతుల నీడలు. మూడు నీడలు మొదలయ్యాయి, నాలుగయ్యాయి, ఐదయ్యాయి. ఎవరో పాట పెట్టారు, పిన్నికి వినబడలేదు. ఆమెకి వినబడేది అరచేతుల చప్పుడే. టప్, టప్, టప్, దబ్, టప్. అదిగో, దబ్. అదే నీలం దారందే. ఐదుగురు అక్కచెల్లెళ్ళలో ఒక్కతే బొంగురు గొంతుది. టప్, టప్, దబ్. పిన్ని మోకాళ్ళు కుర్చీ మెత్తదనంలోంచి ముందుకి జారాయి, నేల కోసం. తల్లీ, నా తల్లీ, ఆ దబ్ రెండో చేతికి కూడా చేరాలి, చేరింది, మళ్ళీ లేవాలి, లేచింది. నా సబ్బు నా నెత్తిన పడాలి గానీ నీ చేతిలో కాదు. టప్, దబ్, టప్. మోచెయ్యి కనబడింది, అంచున. మోచెయ్యి కాస్త పైకి లేచింది. ఎప్పుడూ అంత పైకి లేవదు. బరువుదాన్ని మిగతావాటి ఎత్తుకి పంపడానికి చెయ్యి ఎక్కువ కష్టపడుతోంది, అలిసిపోతోంది. అయ్యో, అనుకుందో లేదో రెండు బంతులు గాల్లో గుద్దుకున్న చప్పుడు, దాని వెంటే నేల మీద దబ్బుమని ఒకటి.

హాలంతా "అయ్యో" అంది. పిన్ని మాత్రం అనలేదు, ఆమెకి ఇక అయ్యో అనడానికి తీరిక లేదు, పడింది కదా, పడితే ఆమెకి పని మొదలైనట్టే. మామూలు గింజల బంతి అయితే పడినచోటే కూలబడేది. ఇది నీళ్ళు తాగి బిగిసి, రబ్బరు బంతిలా గుండ్రంగా అయి ఉంది. దొర్లింది. నల్లటి నేల మీద దొర్లుతూ అంచు దాకా వచ్చింది, మొదటి మెట్టు దిగింది, రెండోది దిగింది, నీలం దారం చుట్టూ తిరుగుతుండగా వచ్చి పిన్ని కాలికి తగిలి ఆగింది. ఎప్పుడో ఒకనాడు వంటగదిలో ఆగినట్టే. వంగి తీసుకుంది. బరువుగా, కాస్త చల్లగా ఉంది. లేచి నిలబడింది. పైన నాలుగు చప్పుళ్ళు ఆగలేదు: టప్, టప్, టప్, టప్, ఒక ఖాళీ. టప్, టప్, టప్, టప్, ఒక ఖాళీ. ఆ ఖాళీ ఎవరిదో హాల్లో ఇంకెవరికీ తెలియదు. మోచెయ్యి బయటికి తెరుచుకుంది. ఇటు. ఇంట్లో అయితే చెయ్యి చాస్తే చాలు, ఇక్కడ స్టేజీ ఎత్తు, దూరం, ఆమె ఎన్నడూ వెయ్యనంత పైకి వెయ్యాలి. ఇంకో ఖాళీ వచ్చింది. దుప్పటి మూల లేపినట్టు రెండు చేతులూ కలిపి లేపింది. బంతి వెళ్ళింది. వెళ్ళిన బంతిని వదల్లేక ఆమె చూపు కూడా దాని వెంట వెళ్ళింది, పైకి, ఇంకా పైకి.

అక్కడ ఐదు బంతులున్నాయి. ఏదీ ఇంకోదాన్ని తాకడం లేదు. ఒకటి పైకి చేరి, అక్కడ కొంచెం ఆగి, ఎంచక్కా కిందికి దిగుతుంటే ఇంకోటి దాని పక్కనుంచి పైకి పోతోంది. తెల్లగా ఉన్నాయి. పోన్లే, తెల్లగా ఉన్నాయి! ఇదా, ఇన్నాళ్ళూ నా నెత్తిమీద జరిగింది ఇదా? ఇంత ఇంట్లో పెట్టుకుని నేను మంచం కింద వెతుక్కుంటూ కూర్చున్నానా? వాటి కింద పిచ్చుక ముఖం ఉంది. పెదవి కొరకడం లేదు. కనుబొమలు ముడిపడి లేవు. తల కాస్త వెనక్కి వాల్చి, నోరు సగం తెరిచి, ఆ పిల్ల నవ్వుతోంది. పొద్దున మంచం మీద కూలబడి నవ్విన నవ్వు కాదు, ఎవరికోసమూ కాని నవ్వు, చంటిపిల్లలు నిద్రలో నవ్వుతారే, అలాంటిది. పిన్ని నేల సంగతి మర్చిపోయింది. ఇంకోటి పడుతుందేమోనన్న ఆలోచనే రాలేదు. నిలబడిపోయింది, వెనకవాళ్ళు కూర్చోమన్నా వినలేదు. అక్కా, చూస్తున్నావా, నీ పిల్ల నవ్వుతోంది, అంది లోపల. కళ్ళనిండా నీళ్ళొచ్చి ఐదు బంతులు పదయ్యాయి, తుడుచుకుంటే మళ్ళీ ఐదయ్యాయి.

అయిపోయింది. ఐదూ చేతుల్లోకి వచ్చి చేరాయి, నీలం దారందే ఆఖరున వచ్చింది. మార్కులు వేసేవాళ్ళు మైకులో అడిగారు, ఆ కిందనుంచి వేయడం మీ ప్రదర్శనలో భాగమేనా అని. హాలంతా అవుననే అనుకుంటోంది, అవునని చెప్పి ఉంటే మార్కు కూడా పోయేది కాదేమో. "లేదండీ, జారిపోయింది. మా పిన్ని అందించింది" అంది పిచ్చుక. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఎవరో లెక్కలు కట్టారు, ఏదో చెప్పారు. ఎలక్ట్రీషియన్ కుర్చీలోంచి లేచిపోయి, "రెండోది చెల్లెమ్మా! మీదే రెండో చోటు! బడిలో సీటు ఖాయం! ఆ మూడో లైటు లేకపోతే మొదటిదే!" అని సొంత కూతురు గెలిచినట్టు అరుస్తున్నాడు. చల్లగా ఉండాలి ఈ మనిషి కూడా, కొడుకు ఓడిన రోజున పరాయి పిల్లకి ఇంత సంతోషిస్తున్నాడు. పిచ్చుక మెట్లు దిగి వస్తోంది. పిన్ని "బ్రహ్మాండం" అనే మాట సిద్ధం చేసుకుంది, పిల్ల అడుగుతుంది కదా, ఎలా వచ్చింది పిన్నీ, అని. పిచ్చుక ఎదురుగా వచ్చి నిలబడింది. చెమట తుడుచుకోలేదు. ఆమె ముఖంలోకి వెతికినట్టు చూసింది.

"ఇవాళ చూశావా పిన్నీ?" అంది.

అంటే పిల్లకి తెలుసు. ఇన్నేళ్ళూ తెలిసే అడిగింది, తెలిసే ఆ బ్రహ్మాండాన్ని రోజూ తీసుకుంది. సిద్ధం చేసుకున్న ఆ మాట పిన్ని వదిలేసింది. ఆమె చెయ్యెత్తి పిల్ల చెంప మీద పెట్టింది, నవ్వు ఇంకా అక్కడే ఉందేమో చూసుకుంటున్నట్టు.

"నువ్వు నవ్వుతావేమే," అంది, "ఎగరేసేటప్పుడు. ఎప్పుడూ ఇలాగే నవ్వుతావా?"

"ఎప్పుడూ," అంది పిచ్చుక. నీలం దారం బంతి తెచ్చి ఆమె అరచేతిలో పెట్టింది. "ఇది ఇంకా తడిగానే ఉంది పిన్నీ. ఇంటికెళ్ళాక ఎండలో పెడదాం."